బుస్సుమనే డ్రమ్ము

పొదలకూరు యార్డులో నిమ్మకాయ ధర పడిపోయిన రోజు
బస్తాలకు బస్తాలు రోడ్డు వారన కుమ్మరించి పోతారు.
లారీ టైర్ల కింద నలిగి
ఊరంతా ఎవురో షర్బత్తు ఒలకబోసినట్టు ఉంటాది.

నేను రెండు గోతాలు పట్టుకుని పోతా.
"ఊరగాయకా మస్తానమ్మా?" అని నవ్వుతాడు కాటా కాడి పెంచలయ్య.
ఊరబెట్టేదానికే అబ్బయా,
తినేదానికి కాదు.

తొక్కలు మూడు పాళ్ళు, బెల్లం ఒక పాలు, నీళ్ళు పది.
నల్లబెల్లం చాలు, చీమలు పట్టిందైనా సరే.
నీలం డ్రమ్ములో పోసి మూత బిగించి
మూడు నెలలు.
రోజూ పొద్దున్నే ఒకసారి మూత వదులు చెయ్యాల.
బుస్సుమంటాది,
అలిగిన పిల్ల ఊపిరి వదిలినట్టు.

మొదటిసారి నాకు ఆ సంగతి తెలవదు.
కూల్‌డ్రింకు సీసాలో పోసి, గట్టిగా బిగించి,
అక్క కూతురి పురుడుకని కావలి పోయినా.
తిరిగొచ్చేసరికి సీసా పగిలి
వంటింటి రేకుకు తొక్కలు అతుక్కోనుండాయి.
ఏడుపొచ్చింది.
కర్రకు చీపురు కట్టి గీరతా ఉంటే
తొక్క పడిన చోటల్లా
పన్నెండేళ్ళ పొయ్యి మసి ఊడి
రేకు తెల్లగా, చుక్కలు చుక్కలుగా.
ఆ చుక్కల్ని అట్టే వదిలేసినా.
కొనేవాళ్ళొస్తే తలెత్తి చూడమంటా.

అంతకు ముందు నాది ఆసిడ్ చెయ్యి.
నెల్లూరు పొగతోటలో ఒక ఆసుపత్రి, మూడంతస్తులు,
పదకొండేళ్ళు.
సీసా మూత పళ్ళతో తీసేదాన్ని.
పొగ కళ్ళల్లో పడితే కొంగు తడిపి అద్దుకునేది,
మళ్ళీ బ్రష్షు పట్టుకునేది.
సూపర్‌వైజరు గుమ్మంలో నిలబడి వాసన పీల్చి
"ఆ, ఇప్పుడు క్లీన్" అనేవాడు.

ఒకనాడు రేషను కాడ మిషను మీద వేలు పెట్టినా.
ఎర్ర లైటు.
"ఇంకో వేలు పెట్టమ్మా."
ఎర్ర లైటు.
"కొంగుకు తుడిచి పెట్టు."
పది వేళ్ళూ అయిపోయినాయి.
వెనకాల లైను గొణగతా ఉండాది.
"గీతలు లేవు గదమ్మా నీకు" అన్నాడు డీలరు మెల్లిగా,
తప్పు తనదైనట్టు.
ఇంటికొచ్చి బల్బు కింద చూసుకున్నా.
కడిగిన పలక.
మూడంతస్తుల్లో ఏ మెట్టు మీద పోయిందో
ఏ వేలి గీత.

ఇప్పుడు గిన్నెలకు కుంకుడుకాయ.
ఉదయగిరి కొండ కాయయితే నురగ బాగా వస్తాది.
రాత్రి నానబెట్టి, తెల్లారి ఉడకబెట్టి,
పిసికి, పాత పంచెలో వడగట్టాల.
తుమ్ములొస్తే తుమ్మాల.
రాగి చెంబుకు చింతపండు పులుసు, రవ్వంత ఉప్పు.
అది మా అవ్వ నాటిదే,
నేను కనిపెట్టిందేం లేదు.

నెల్లూరు నుంచి ఒకామె ఫోను చేసింది,
"వాసనే రాదేంది?
క్లీనైనట్టు ఎట్టా తెలిసేది?"
నాకు గుమ్మంలో సూపర్‌వైజరు కనపడ్డాడు.
"చెప్పులు లేకుండా నడిచి చూడమ్మా" అన్నా.
"చలవరాయి మీద మటుకు పొయ్యబాకండి, మచ్చ పడతాది."
ఉండేది చెప్పాల గదా.
గోరుచుట్టు మీద పడితే నాకే మండతాది,
నిమ్మకాయ నిమ్మకాయే.

పోయిన నెల రేషను కాడ
ఊరికే, అలవాటుగా, వరస పెట్టి ఆనిచ్చుకుంటా వచ్చినా.
ఎడమ చేతి చిటికెన వేలికి
పచ్చ లైటు.
డీలరు నా మొగం చూసినాడు.
నేను వేలు చూసుకున్నా.
మిగతా తొమ్మిదీ ఎప్పుడొస్తాయో.

బియ్యం నెత్తిన పెట్టుకుని
సగం దారి వచ్చినాక గుర్తొచ్చింది,
పొద్దున డ్రమ్ము మూత తియ్యలా.
పరిగెత్తినా.